రేకులు తక్కువొచ్చాయా? పైకెక్కకుండా కొలిచిన లెక్క ఎక్కడ తప్పుతుందంటే

కర్నూలు, అనంతపురం, కడప వైపు పాత గోదాములు, నూనె మిల్లులు, కోళ్ళ షెడ్ల మీద సిమెంటు రేకులు ఇప్పటికీ చాలా కనిపిస్తాయి. ఎండకు, వానకు పెళుసెక్కిన రేకు మీద కాలు పెడితే రేకుతో పాటు మనిషీ కిందికొస్తాడు. అందుకే టేపు పట్టుకుని పైకెక్కడం కన్నా శాటిలైట్ బొమ్మ మీదో, డ్రోన్ ఫోటో మీదో కొలవడం మేలు. లెక్క కుదిరితే రేకు ముక్కలు దిబ్బ పాలు కావు, చాలని నాలుగు రేకుల కోసం లారీ మళ్ళీ తిరగదు. లెక్క కుదరకపోతే మాత్రం మళ్ళీ మొదటి నుంచి కొలవక్కర్లేదు. తేడా ఏ వైపు వచ్చిందో చూస్తే చాలు, కారణం దొరుకుతుంది.

షెడ్డు పొడవు సరిపోయింది, వాలు వైపు చాలలేదు

పై నుంచి చూసినప్పుడు కనిపించేది కప్పు నేల మీద పరిచే నీడ కొలత. వాలు పొడవు అంతకంటే ఎక్కువ. 10 డిగ్రీల వాలుకు 1.015తో, 15కు 1.035తో, 20కి 1.064తో, 30కి 1.155తో గుణించాలి.

ఉదాహరణకు 12 మీటర్ల వెడల్పు, 24 మీటర్ల పొడవున్న రెండు వాలుల షెడ్డు తీసుకుందాం. చుట్టూ చూరు 30 సెం.మీ. బయటికి ఉంది. బొమ్మ మీద ఒక్కో వాలు 6.30 మీటర్లు వస్తుంది. గోడల కన్నా కొప్పు (రెండు వాలులు పైన కలిసే చోటు) 1.6 మీటర్లు ఎత్తు, అంటే వాలు దాదాపు 15 డిగ్రీలు, అసలు పొడవు 6.52 మీటర్లు. 2.25 మీటర్ల రేకులు మూడు వేసి, రెండు అతుకుల దగ్గర 15 సెం.మీ. చొప్పున ఎక్కిస్తే 6.45 వస్తుంది. కాగితం మీద 6.30కి ఇది ధారాళంగా సరిపోయినట్టే ఉంటుంది. పైకెక్కించాక ఒక్కో వాలులో 7 సెం.మీ. తగ్గి, కొప్పు రేకు కింద పట్టు చాలదు. మొదటి వానకే అక్కడ కారుతుంది. ఒక వరుసకు 2.5 మీటర్ల రేకు తీసుకుంటే 6.70 అవుతుంది. మిగిలిన 18 సెం.మీ.ను అతుకుల్లో సర్దుకోవచ్చు. అయితే ప్రతి అతుకూ పర్లిన్ మీదే, అంటే రేకును మోసే అడ్డ కమ్మీ మీదే పడాలి. పాత పర్లిన్లు ఎక్కడున్నాయో పైనుంచే తెలుస్తుంది: డ్రోన్ ఫోటోలో బోల్టుల వరుసలు, వాటి కింద తుప్పు మరకలు చారల్లా కనిపిస్తాయి. ఆ వరుసల మధ్య దూరాన్ని కూడా వాలు అంకెతో గుణించడం మరవద్దు.

వాలు కోసం పైకెక్కాల్సిన పని లేదు. త్రికోణంగా కనిపించే పక్క గోడకు సరిగ్గా ఎదురుగా, వీలైనంత దూరంగా నిలబడి ఫోటో తీసి, ఫోటోలోనే కోణం కొలవండి. పక్కకు జరిగి తీస్తే కోణం మారిపోతుంది.

వాలు కూడా కలిపాం, అయినా రేకులు చాలలేదు

వైశాల్యాన్ని రేకు వైశాల్యంతో భాగించి ఉంటారు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే, దీనికి డ్రోన్‌ను తప్పు పట్టి లాభం లేదు. పై షెడ్డు కప్పు సుమారు 321 చదరపు మీటర్లు. 2.25 మీటర్ల రేకు వెడల్పు 1.05 మీటర్లు కాబట్టి దాని వైశాల్యం 2.36. భాగిస్తే 136 రేకులు. నిజానికి కావలసినవి 150. పక్క అతుకు పోను రేకు కప్పేది 1.01 మీటర్లే. చూరుతో కలిపి 24.6 మీటర్ల పొడవుకు వరుసకు 25 రేకులు, వాలుకు మూడు వరుసలు, రెండు వాలులు. అంటే 2.25వి 100, 2.5వి 50. రేకును వరుసల్లో లెక్కపెట్టాలి తప్ప చదరాల్లో కాదు.

25 రేకులు వేస్తే పొడవులో సుమారు 69 సెం.మీ. మిగులుతుంది. దాన్ని కోయకండి. ఆస్‌బెస్టాస్ ఉన్న రేకును కోస్తే లేచే ధూళి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. ఒక అల నుంచి ఇంకో అలకు 14.6 సెం.మీ. నాలుగు చోట్ల ఒక అల ఎక్కువ కప్పితే 58 సెం.మీ. సర్దుకుంటుంది, మిగతాది రెండు చివర్లా చూరుకు వదిలేయొచ్చు. దారిలో పగిలే వాటికి 2, 3 శాతం అదనంగా రాసుకోండి.

పొడవు, వెడల్పు రెండూ ఒకే శాతం తేడా

ఇది స్కేలు తప్పు. ఒకే ఫోటో మీద కొలిచి ఉంటే కారణం వెతకనక్కర్లేదు: 40 మీటర్ల ఎత్తు నుంచి తీసిన ఫోటోలో 6 మీటర్ల ఎత్తున్న కప్పు కెమెరాకు 34 మీటర్ల దూరంలోనే ఉంటుంది. నేల స్కేలుతో కొలిస్తే పొడవు దాదాపు 18 శాతం, వైశాల్యం 38 శాతం పెరిగిపోతాయి. 80 మీటర్ల నుంచి తీసినా పొడవులో 8 శాతం తేడా మిగులుతుంది. ఒక్క ఫోటోతో పని ముగించాలంటే స్కేలు కప్పు మీదే ఉండాలి. సిమెంటు రేకుల కప్పయితే ఆ స్కేలు అక్కడే ఉంది: చూరు వెంట రేకులు లెక్కపెట్టండి, 20 రేకులంటే 20.2 మీటర్లు.

చాలా ఫోటోలు కలిపి వెబ్‌ఓడీఎం లాంటి సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు చేసినా, మామూలు డ్రోన్ జీపీఎస్ వల్ల ఒకటి రెండు శాతం తేడా రావచ్చు. పొడవులో 2 శాతం అంటే వైశాల్యంలో 4. డ్రోన్ ఎగరేసే ముందు ఆవరణలో 10 మీటర్ల దూరంలో రెండు సున్నం గుర్తులు వేసి, స్టీలు టేపుతో కొలిచి పెట్టుకోండి. మ్యాపులో ఆ దూరం 9.85 వస్తే, పొడవులన్నిటినీ 10/9.85తో గుణిస్తే సరి.

శాటిలైట్ బొమ్మలో కప్పు ఒక పక్కకు ఒరిగింది

ఒక వైపు గోడ కూడా కనిపిస్తోందంటే ఉపగ్రహం ఏటవాలుగా తీసిన బొమ్మ అది. ఒక అంచు కప్పు దగ్గర, ఇంకో అంచు గోడ మొదట్లో పెట్టి కొలవడం వల్లే తేడా వస్తుంది. నాలుగు మూలలూ కప్పు మీదే పెట్టండి. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల బొమ్మలు తిప్పి చూస్తే గోడలు కనిపించని బొమ్మ ఒకటి దొరకవచ్చు. వేపచెట్టు అంచును కప్పేసినా ఇదే ఉపాయం, ఆకు రాలిన నెలల బొమ్మ వెతకండి. తేదీ కూడా చూసుకోండి, నిరుడు కొత్తగా కట్టిన వరండా అందులో ఉండకపోవచ్చు.

మ్యాపులో రేకులు కరిగినట్టు, చిల్లులు పడ్డట్టు వచ్చాయి

జింకు రేకులు, కలర్ రేకుల మీద ఎక్కువ. మెరుపు ఒక కారణం, అన్ని అలలూ ఒకేలా ఉండి సాఫ్ట్‌వేర్‌కు ఏది ఏదో తెలియకపోవడం రెండోది. 15 డిగ్రీల వాలు, నడినెత్తి నుంచి 30 డిగ్రీలు దిగి ఉన్న సూర్యుడి వెలుగును నేరుగా పైనున్న కెమెరాలోకి కొడుతుంది. అనంతపురంలో సూర్యుడు నడినెత్తికి వచ్చే ఏప్రిల్ చివరి రోజుల్లో, ఆగస్టు మధ్యలో తూర్పు వాలు ఉదయం 10.20 ప్రాంతంలో, పడమటి వాలు మధ్యాహ్నం 2.20 ప్రాంతంలో అలా మెరుస్తాయి. ఆ వేళలు వదిలేయండి. పలచటి మబ్బు పట్టిన రోజు దొరికితే అదే మంచిది. ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) కాస్త తగ్గించి కదలకుండా లాక్ చేయండి. ఫోటోలు ముందువెనుకలుగా 80 శాతం, పక్కలకు 70 శాతం ఒకదానిమీద ఒకటి పడాలి. అడ్డంగా, నిలువుగా రెండుసార్లు తిరిగి, చివర్లో కెమెరాను 45 డిగ్రీలు వంచి చుట్టూ ఒక రౌండు తీయండి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడి గాలి చిన్న డ్రోన్‌ను నిలవనివ్వదు. ఆ నెలల్లో తెల్లవారాక త్వరగా ఎగరేయడమే దారి, నీడలు పొడవైనా సరే.

డ్రోన్ లేవనంటోంది, లేదా పక్కకు పోతోంది

కంపాస్ తప్పు చూపిస్తుంటే కాంక్రీటులోని ఇనుప కడ్డీలు గానీ, పక్కనున్న వాహనం గానీ కారణం. మట్టి నేల మీదికి మార్చండి. అసలు లేవకపోతే డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడండి. కడప, ఓర్వకల్లు విమానాశ్రయాల దగ్గర అనుమతి లేనిదే ఎగరేయకూడదు. అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనూ ఎత్తు హద్దు 120 మీటర్లు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పని చేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి.

మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ ఎక్కువో తక్కువో అయింది

బయటి అంచు కొలిచి ఉంటారు. 30 × 40 అడుగుల మిద్దెకు 9 అంగుళాల పిట్టగోడ ఉంటే లోపలి నేల 28.5 × 38.5, అంటే 1,097 చదరపు అడుగులే. కానీ వాటర్‌ప్రూఫింగ్ పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించాలి, దానికి 134 చదరపు అడుగులు కలపండి. మొత్తం 1,231. ట్యాంకు దిమ్మె, మెట్ల గది తీసేయండి, వాటి చుట్టుకొలతకూ అడుగు ఎత్తు చొప్పున కలపండి. వాలును మాత్రం డ్రోన్ ఎత్తుల మీద నమ్మొద్దు. నూటికి ఒకటి వాలంటే 30 అడుగులకు 3.6 అంగుళాలే, మామూలు డ్రోన్ ఎత్తు కొలతలో వచ్చే తప్పులోనే అది చాలావరకు మునిగిపోతుంది. ఫోటోలో నీళ్ళు నిలిచి ఎండిన వలయాలు చూడండి, తూము ఎటు పని చేయడం లేదో అవే చూపిస్తాయి.

మట్టి మిద్దెకు అంచనా సగానికి సగం తప్పింది

పై నుంచి వైశాల్యం తెలుస్తుంది, మందం తెలియదు. 100 చదరపు అడుగుల మీద 6 అంగుళాల మట్టి ఉంటే 50 ఘనపుటడుగులు, అడుగు మందముంటే 100. ఏళ్ళ తరబడి కొత్త మట్టి వేస్తూ పోయిన మిద్దెల్లో ఇది గదికో రకంగా ఉంటుంది. పైకి మనిషిని పంపొద్దు. ఇంటి లోపల గవాచి (వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత) కింద నిలబడి టార్చి కొడితే దాని అంచులో బండ, దాని మీద మట్టి పొరలు కనిపిస్తాయి. కొలత గుర్తులు పెట్టిన కర్రను ఆ అంచుకు ఆనించి ఫోటో తీయండి. దంతెల (కప్పును మోసే కర్రల) మధ్య ఎడం, పుచ్చిన చివరలు కూడా అదే టార్చితో కింద నుంచే రాసుకోవాలి. గవాచి లేని గదికి గోడ బయట తూము దగ్గర నిచ్చెన వేసి అంచు మందం చూడండి, నిచ్చెన బరువు గోడ మీదే ఆనాలి, చూరు బండ మీద కాదు.