ఇంట్లో పోసిన నారు పాడవుతోందా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

కూరగాయల నారును ఇంట్లో పెంచడం మీద దొరికే సలహాల్లో చాలా వాటిని చలిదేశాల వాళ్లు తమ కోసం రాసుకున్నారు. అక్కడ మంచు కరిగేదాకా మొక్కకు వెచ్చదనం కావాలి కాబట్టి ట్రే కింద వేడి పరుపులు పరుస్తారు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ల వైపు లెక్క తలకిందులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే నేల మనది. ఎండ నుంచి కాపాడి, మృగశిర దాటి వానలు కుదురుకునేసరికి నాటే మొక్క చేతికి రావాలనే మనం నారును ఇంట్లో పోస్తాం. ఈ తేడా మరిచిపోయి ఆ సలహాలను యథాతథంగా పాటించి నేను రెండేళ్లు నారు పోగొట్టుకున్నాను. కింద చెప్పేవన్నీ ఆ నష్టం నేర్పినవే.

ముందుగా ఒక మాట. టమాటా, వంగ, మిరపకు నారు అవసరం. బెండ, గోరుచిక్కుడు, చిక్కుడు గింజలను నేరుగా కుండీలోనో మడిలోనో వేయడం మేలు. బీర, కాకర వేళ్లు కదిలిస్తే ఓర్చుకోవు. తప్పనిసరైతే కాగితపు కప్పులో పోసి కప్పుతో సహా నాటండి.

రోజులు గడుస్తున్నా మొలక రాలేదు

టమాటా అయిదు నుంచి ఎనిమిది రోజుల్లో, వంగ వారం పది రోజుల్లో మొలుస్తాయి. మిరప రెండు వారాలు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. ఆ గడువు దాటితే ఒక గింజను పుల్లతో తవ్వి చూడండి. గింజ గట్టిగా, వేసినప్పటిలాగే ఉంటే తడి చాలలేదు. వేలితో నొక్కగానే మెత్తగా చితికిపోతే నీళ్లు ఎక్కువై కుళ్లింది. అసలు గింజే లేకపోతే చీమలను అనుమానించండి. టమాటా గింజలను అవి వరుసకట్టి మోసుకుపోతాయి. ట్రేను పీట మీద పెట్టి, పీట కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచితే ఆ బెడద తీరుతుంది.

గింజ బాగానే ఉండి, తడీ సరిపోయినా మొలవకపోతే వేడిని చూడాలి. టమాటాకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి. 35 దాటితే మొలక శాతం పడిపోతుంది. మే నెలలో పై అంతస్తు గదిలో డాబా వేడి రాత్రి పదింటికి కూడా దిగదు. అప్పుడు ట్రేను కింది అంతస్తులో, ఉత్తరపు గోడ వారగా, షాబాదు బండల మీద నేరుగా పెట్టండి. పైన తడి గోనెపట్టా కప్పండి. మొదటి మొలక తల ఎత్తగానే గోనె తీసేయాలి. జనవరిలో మిరప పోస్తే దీనికి పూర్తిగా ఎదురు. రాత్రి చలికి గింజ ముడుచుకుని కూర్చుంటుంది. ఫ్రిజ్ మీద పెట్టండి, అక్కడి గోరువెచ్చదనం చాలు.

లోతు కూడా చూసుకోండి. అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరుకు మించి గింజను పాతిపెట్టకూడదు. గింజ పాతదని అనుమానం ఉంటే పదింటిని తడిగుడ్డలో చుట్టి ఉంచండి. ఆరు కూడా మొలవకపోతే ఆ పొట్లం మీద నమ్మకం వదులుకోవచ్చు. గులాబీ రంగు మందు పూసి వచ్చిన గింజలను మాత్రం నానబెట్టకండి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

మొలిచాయి గానీ దారంలా సాగి వాలిపోతున్నాయి

వెలుతురు చాలలేదు. మన కంటికి వెలుగ్గా కనిపించే గది మొక్కకు చీకటి కొట్టే. తూర్పు వరండా ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. పొద్దున మూడు నాలుగు గంటల ఎండ తగలనిచ్చి, పదిన్నరకల్లా నీడలోకి జరపండి. పడమటి కిటికీ జోలికి వెళ్లకండి, మధ్యాహ్నపు ఎండ అద్దంలోంచి పడితే మొలక ఉడికిపోతుంది. వరండా లేనివారు మామూలు తెల్లని ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటును మొక్కలకు జానెడు కంటే తక్కువ ఎత్తులో వేలాడదీసి రోజుకు 14 గంటలు వెలిగించవచ్చు.

ఇప్పటికే సాగిపోయిన టమాటాను మొలక ఆకుల దాకా మట్టిలో దించి మార్చి నాటితే కాండం నుంచే కొత్త వేళ్లు వస్తాయి. మిరపకు, వంగకు ఆ గుణం అంతగా లేదు. వాటిని బతికించే ప్రయత్నం కంటే మళ్లీ పోసుకోవడమే తక్కువ శ్రమ.

రాత్రి నిలబడ్డ నారు తెల్లారేసరికి నేలమీద పడుకుంది

ఇది నారుకుళ్లు. నిరుడు ముసురు పట్టిన వారంలో నాలుగు రోజులు కిటికీ తలుపులు మూసి ఉంచాను. అయిదో రోజు పొద్దున ట్రేలో మూడో వంతు మిరప మొలకలు వాలిపోయాయి. ఆకు పచ్చగానే ఉంటుంది, మట్టిని తాకే చోట మాత్రం కాండం నీరుపట్టి, నొక్కుకుపోయి, దారంలా కనిపిస్తుంది. అదే గుర్తు. పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రాలూ వాటిని పోలిన సూక్ష్మజీవులూ దీనికి కారణం. అవి మట్టిలో, కడగని పాత ట్రేల్లో ఎప్పుడూ ఉంటాయి. వాటికి ఊపిరి పోసేది మన నీళ్ల చెంబే.

పడిన మొలక మళ్లీ లేవదు. దాన్ని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. రెండు రోజులు నీళ్లు ఆపి, ట్రేను గాలి ఆడే చోటికి మార్చండి. ఫ్యాన్‌ను దూరం నుంచి మెల్లగా తిప్పినా మంచిదే. ఇంకా వ్యాపిస్తుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మట్టి తడిసేలా పోయండి. తెగుళ్లను అణచడానికి మట్టిలో కలిపే ట్రైకోడెర్మా వాడినవారు దాని వెంటనే ఈ మందు పోయకండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, అదీ చస్తుంది.

రాకుండా చూసుకోవడం సులభం. గింజలను పలచగా వేయండి. వేలితో మట్టిని తాకి, పైపొర ఆరితేనే, అదీ ఉదయం పూట, నీళ్లు పెట్టండి. సాయంత్రం పోసిన నీరు రాత్రంతా అక్కడే నిలుస్తుంది. ఇక మట్టి సంగతి. మన ఎండ నారుకు చేసే ఒకే ఒక్క మేలు ఇక్కడ ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఎర్రమట్టిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పలచగా పరిచి మూతి కట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు డాబా మీద వదిలేయండి. లోపలి తెగుళ్లు చాలావరకు చస్తాయి. వర్మీకంపోస్టును ఆ తరువాతే కలపండి.

ఆకులు పసుపు, మట్టి మీద తెల్లని పూత

మన జిల్లాల ప్రత్యేక వ్యాధి ఇది. నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. పటిక, సున్నంతో దాన్ని తొలగించే పద్ధతికి ఊరి పేరే పెట్టారు మరి. కానీ నారును ముందుగా ఇబ్బందిపెట్టేది ఫ్లోరైడ్ కంటే బోరు నీళ్లలోని ఉప్పులు, క్షారం. నీరు ఆవిరైపోయి ఉప్పు మట్టి మీద మిగిలిపోతుంది. తెల్లని పూత అదే.

ఏ ఆకు పసుపైందో చూడండి. కింది పాత ఆకులైతే నత్రజని చాలలేదు. పలచని వర్మీకంపోస్టు నీళ్లు వారానికి ఒకసారి పోస్తే వారం పది రోజుల్లో తేరుకుంటుంది. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైన కొత్త ఆకులైతే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా క్షారం వల్ల వేరుకు అందడం లేదు. అక్కడ ఎరువు పెంచితే ఉప్పు ఇంకా పెరుగుతుంది. నీళ్లు మార్చండి. వాన నీళ్లు పట్టి ఉంచుకున్నవి లేదా ఏసీ నుంచి కారే నీళ్లు శ్రేష్ఠం. నల్లాలో వచ్చే మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నీళ్లను రాత్రంతా వెడల్పాటి పాత్రలో ఉంచి వాడవచ్చు. ఆర్‌ఓ యంత్రం వదిలే వ్యర్థపు నీటిని వృథా చేయకూడదన్న మంచి మనసుతో చాలామంది మొక్కలకు పోస్తారు. బోరు నీళ్ల ఉప్పంతా చిక్కబడి చేరేది అందులోకే. దాంతో వాకిలి కడగండి, నారుకు పోయకండి.

కొబ్బరి పొట్టు ఇటుకలోనూ ఉప్పు ఉంటుంది. నానబెట్టిన తరువాత మంచి నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి పిండాలి.

చిన్నాచితకా

మొలక తలమీద గింజ పెంకు టోపీలా అంటుకుపోతే గింజ మరీ పైపైన పడిందని అర్థం. ఒక చుక్క నీరు పెట్టి, పది నిమిషాలయ్యాక మెల్లగా జరపండి. లాగితే తల కూడా వస్తుంది. మట్టి మీద సన్నని నల్ల ఈగలు ఎగురుతుంటే తడి ఎక్కువైంది. ఆకులు ముడుచుకుంటే వెనక్కి తిప్పి తెల్లదోమ కోసం వెతకండి. అది ముడత తెగులు మోసుకొస్తుంది కాబట్టి మొలకెత్తిన రోజు నుంచే సన్నని నైలాన్ వలను కప్పి ఉంచడం ఉత్తమం. ఉడుతలకూ పిచ్చుకలకూ కూడా అదే సమాధానం.

నెల రోజులు బాగున్న నారు, నాటిన రోజే మాడింది

నీడలో పెరిగిన ఆకుకు ఎండ తెలియదు. నాటడానికి వారం పది రోజుల ముందు నుంచి అలవాటు చేయాలి. మొదటి రోజు గంట ఎండ, తరువాత రోజూ మరికొంత. ఆ వారం నీళ్లు కాస్త తగ్గించండి, మొక్క వాడిపోకుండా మాత్రం చూడండి. టమాటాను 25 నుంచి 30 రోజులకు, వంగను 30 నుంచి 35కు, మిరపను దాదాపు 40 రోజులకు నాటవచ్చు. అంతకు మించి ట్రేలో ఉంచితే వేళ్లు గుండ్రంగా చుట్టుకుని, కుండీలో కూడా చుట్టుకునే ఉంటాయి.

ఎండ దిగాక, సాయంత్రం నాటండి. ముందుగా ట్రేను తడిపితే వేరు చుట్టూ ఉన్న మట్టి విడిపోదు. ఒక్కో మొక్కకు పడమటి వైపు మోదుగ ఆకునో టేకు ఆకునో మట్టిలో గుచ్చి గొడుగులా వంచండి. మూడో రోజు సాయంత్రం ఆకు తీసేయండి.