గుట్ట కింద చాంద్‌మారి జాడ పట్టడం ఎలా

సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. టేపు పట్టుకుని వరంగల్ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగే అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడు చాంద్‌మారీలు, అంటే సిపాయిలు, పోలీసులు ఒకప్పుడు తుపాకీ కాల్చడం తర్ఫీదు పొందిన చోట్లు వెతుకుతుంటాను. కుర్రాళ్ళు కలిస్తే మొదటి ప్రశ్న, "సార్, మెటల్ డిటెక్టర్ ఏది కొనాలి?" ఏదీ వద్దు. టేపు, దిక్సూచి, నోటుబుక్కు చాలు.

కొట్లాట జరిగిన చోట గుర్తులు చెల్లాచెదురుగా ఉంటాయి. తర్ఫీదు అలా కాదు. వచ్చిన ప్రతి బ్యాచీ అదే గట్టు మీద పడుకుని, అంతే దూరం నుంచి, అదే గురికి కొడుతుంది. అందుకే కాల్చినచోట ఖాళీ తూటాలు, గురి దగ్గర గుండ్లు పడతాయి. ఆ రెండింటి మధ్య దూరానికి ఒక లెక్క ఉంటుంది. మనం వెతికేది ఆ లెక్కనే.

ముందు ఊళ్ళో పెద్దవాళ్ళను కదపండి. "ఇక్కడ మిలిటరీ ఉండేదా?" అని అడిగారో, రజాకార్ల దగ్గర మొదలై 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్ దాకా పోతుంది ముచ్చట. వినదగ్గదే, కానీ పని కాదు. "బాపూ, చిన్నప్పుడు పశువులను ఎటు తోలనిచ్చేటోళ్ళు కాదు? సీసం గుండ్లు ఎక్కడ ఏరేటోళ్ళు?" అనండి. వేలు పెట్టి చూపిస్తారు. ఆ తర్వాత ఊరి నక్షా, 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డు తిరగేయండి. సాగులో లేని సర్కారీ భూమి, ముందు చదును, వెనక గుట్ట ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. వరంగల్ దగ్గరి మామునూరు లాంటి చోట పోలీసు శిక్షణ ఇప్పటికీ నడుస్తోంది. అటువైపు అనుమతి లేకుండా పోవద్దు.

పత్తికట్టె పీకేశాక, గడ్డి ఎండిన రోజుల్లో, పొద్దు పొడిచిన గంటలోపే వెళ్ళండి. మూరెడు ఎత్తు లేని కట్ట కూడా ఆ ఏటవాలు ఎండకు నీడ వేస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే కట్ట మీద నిలబడినా కనపడదు.

గురి దిబ్బ, అంటే గుండ్లను ఆపడానికి గురి వెనక ఉండే మట్టి దిబ్బ, దాని నుంచి వెనక్కి టేపు పరవండి. అడ్డంగా ఉన్న చిన్న కట్టలు దాదాపు 91, 183, 274 మీటర్ల దగ్గర తగిలితే అవి 100, 200, 300 గజాలు. మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. కాబట్టి గజాల లెక్క పాతకాలం వైపు చూపుతుంది. సరిగ్గా వంద మీటర్లకు వస్తే ఆ తర్వాతిదని అనుమానించాలి. కాల్చేవాడి కళ్ళలో ఎండ పడకుండా సాధారణంగా ఉత్తరం వైపు గురి పెట్టిస్తారు, దిక్సూచితో అదీ చూడండి.

కందకం కనిపించగానే సంబరపడొద్దు. మన గుట్టల మీద కందకాల్లో ఎక్కువ ఉపాధి హామీవే. అవి వాలుకు అడ్డంగా, ఒకే కొలతతో, వరసగా ఉంటాయి. సైనికుల కందకం వంకరటింకరగా మలుపులు తిరుగుతుంది, తవ్విన మట్టి శత్రువు వచ్చే వైపు పోసి ఉంటుంది. గ్రానైట్ బండ మీద వరసగా లోతైన బెజ్జాలుంటే రాళ్ళు కొట్టేవాళ్ళ పని. గుండు తగిలిన చోట బెజ్జం పడదు. అరచేయంత పెచ్చు లేచి, నడుమ చిన్న గుంట మిగులుతుంది.

ఖాళీ తూటా దొరికితే అడుగు చూడండి. 303 రైఫిల్‌ది అయితే పొడవు 56 మిల్లీమీటర్లు, అడుగున అంచు ఉంటుంది. కె, ఎఫ్ అక్షరాలుంటే పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీ సరుకు. పక్కన 43 అని ఉంటే తయారైంది 1943లో, అంతే. కాల్చింది ఎప్పుడైనా కావచ్చు. పోలీసులు ఆ రైఫిళ్ళను స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు వాడారు. మూతి పువ్వు మొగ్గలా ముడుచుకుని ఉంటే గుండు లేని తూటా. అది నాకు మిగతా వాటికంటే విలువైన సాక్ష్యం, ఎందుకంటే దాన్ని ఎవరి మీదా ప్రయోగించరు, ఎక్కువగా తర్ఫీదుకే వాడతారు.

గుండు ఇంకా మూతిలోనే ఉన్న తూటా గానీ, తుప్పు పట్టిన బాంబు లాంటిది గానీ కనిపిస్తే తాకొద్దు, తన్నొద్దు, ఫొటో కోసం దగ్గరికి పోవద్దు. దూరం జరిగి 112కి ఫోన్ చేయండి. లైసెన్సు లేకుండా పేలని తూటా దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే.

మిగతావి ఉన్నచోటే ఉంచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. సర్వే నంబరు, దిబ్బ నుంచి దూరం, దిక్కు రాసుకోండి. తవ్వొద్దు. ఫేస్‌బుక్‌లో లొకేషన్ మాత్రం పెట్టకండి, గుప్తనిధుల వాళ్ళు తెల్లారేసరికి పారలతో దిగుతారు.