ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ సీజన్‌ను ఒకే పట్టికలో రాసుకోవడం ఎలా

2024-25లో లండన్ క్లబ్ టోటెన్‌హామ్ ఇంగ్లండ్ అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌ను 20 జట్లలో 17వ స్థానంలో ముగించింది. ఆ సీజన్‌లోనే యూరప్ క్లబ్బుల రెండో అంచె పోటీ యూరోపా లీగ్ గెలిచి, అగ్ర పోటీ చాంపియన్స్ లీగ్‌లో చోటు సంపాదించింది. లీగ్ పట్టిక ఒక్కటే చూసేవాళ్లకు ఈ రెండూ ఒకే జట్టు కథలా అనిపించవు. లీగ్, ఎఫ్ఏ కప్, లీగ్ కప్, యూరప్ అనే నాలుగు పోటీల మ్యాచ్‌లనూ తేదీల వరుసలో ఒకేచోట రాసుకుంటే ఏం జరిగిందో కళ్లకు కడుతుంది. కాగితం మీదైనా, ఎక్సెల్‌లోనైనా పద్ధతి ఒకటే.

గడులు ఇవి: ఇంగ్లండ్ తేదీ, మన తేదీ-సమయం, పోటీ, రౌండ్, ప్రత్యర్థి, సొంత మైదానమా బయటా, స్కోరు, కిందటి మ్యాచ్ నుంచి ఎన్ని రోజులు. చాలామంది చివరి గడిని వదిలేస్తారు. అసలు పనికొచ్చేది అదే.

ముందు లీగ్ మ్యాచ్‌లు 38 నింపండి. 20 జట్లు, ఒక్కో ప్రత్యర్థితో రెండుసార్లు. టీవీ ప్రసారాల కోసం, కప్పుల కోసం తేదీలు మారుతూనే ఉంటాయి కాబట్టి నెలకోసారి సరిచూసుకోవాలి. గురువారం యూరప్‌లో ఆడిన జట్టుకు ఆ వారాంతపు లీగ్ మ్యాచ్ సాధారణంగా ఆదివారానికి మారుతుంది.

తర్వాత కప్పులు. ఎఫ్ఏ కప్‌లో ప్రీమియర్ లీగ్ జట్లు జనవరిలో, మూడో రౌండ్‌లో అడుగుపెడతాయి. 2024-25 నుంచి అందులో రీప్లేలు (సమమైతే మరో రోజు మళ్లీ ఆడే మ్యాచ్‌లు) లేవు, సమమైతే అదనపు సమయం, ఆపై పెనాల్టీలు. లీగ్ కప్‌లో యూరప్ పోటీలు ఆడే జట్లు మూడో రౌండ్ నుంచి మొదలుపెడతాయి, సెమీఫైనల్ రెండు లెగ్‌లు, అంటే ఒక్కో జట్టు మైదానంలో ఒక్కో మ్యాచ్. చీటీలతో డ్రా తీసేదాకా ప్రత్యర్థి ఎవరో తెలియదు, కాబట్టి వరుసలు ఖాళీగా ఉంచండి.

యూరోపా లీగ్‌లో 36 జట్లు, ఒక్కో జట్టుకు ఎనిమిది మ్యాచ్‌లు, అందరికీ ఒకే పట్టిక. మొదటి ఎనిమిది నేరుగా చివరి పదహారులోకి వెళ్తాయి. 9 నుంచి 24 వరకు ప్లేఆఫ్ ఆడాలి, అంటే అదనంగా రెండు మ్యాచ్‌ల బరువు. టోటెన్‌హామ్ నాలుగో స్థానంలో నిలిచి ఆ బరువు తప్పించుకుంది. రెండు లెగ్‌ల పోరులో మొత్తం గోల్స్ కలిపి రాయండి. ఏజెడ్ ఆల్క్‌మార్ చేతిలో మొదటి లెగ్ 0-1తో ఓడి, రెండోది 3-1తో గెలిస్తే లెక్క 3-2. బయట కొట్టిన గోల్‌కు అదనపు విలువ 2021లోనే పోయింది. పాత అలవాటుతో లెక్కేసేవాళ్లు ఇక్కడే తప్పుతారు.

సమయం దగ్గర ఇంకో చిక్కు ఉంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం వరకు ఇంగ్లండ్ సమయానికి నాలుగున్నర గంటలు కలపాలి, మిగతా కాలంలో ఐదున్నర. రాత్రి 8 గంటల మ్యాచ్ మనకు 12:30కో 1:30కో, అంటే తేదీ మారిపోతుంది. 2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావోలో జరిగిన యూరోపా లీగ్ ఫైనల్ మనకు 22వ తేదీ తెల్లవారుజాము. అమెరికాలో ఉండే మనవాళ్లకు మరో ఇబ్బంది: అక్కడ గడియారాలు మార్చేది వేరే ఆదివారాల్లో. మార్చి మధ్యలోనూ, అక్టోబర్ చివరా కొద్దిరోజులు న్యూయార్క్‌కూ లండన్‌కూ తేడా ఐదు కాదు, నాలుగు గంటలే.

ఇప్పుడు చదవడం. 2025 జనవరిలో టోటెన్‌హామ్ వరుసలు చూడండి: 4న న్యూకాజిల్, 8న లీగ్ కప్ సెమీస్‌లో లివర్‌పూల్, 12న ఎఫ్ఏ కప్‌లో టామ్‌వర్త్, 15న ఆర్సెనల్, 19న ఎవర్టన్, 23న హాఫెన్‌హైమ్, 26న లెస్టర్, 30న ఎల్ఫ్స్‌బోర్గ్. ఎనిమిది మ్యాచ్‌లు, నాలుగు పోటీలు, మొదటి వరుస తప్ప రోజుల గడిలో అన్నీ మూళ్లూ నాలుగులే. నాలుగు లీగ్ మ్యాచ్‌లూ ఒక్కో గోల్ తేడాతో ఓడింది, మిగతా నాలుగూ గెలిచింది. ఐదో అంచె జట్టు టామ్‌వర్త్‌తో అదనపు సమయం దాకా వెళ్లి 3-0తో బయటపడింది. డిఫెండర్లు రొమేరో, వాన్ డె వెన్, గోల్‌కీపర్ వికారియో గాయాలతో దూరమైన రోజులవి. ఆపై ఫిబ్రవరి 6న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 0-4తో లీగ్ కప్, 9న ఆస్టన్ విల్లా చేతిలో ఎఫ్ఏ కప్ చేజారాయి. వసంతంలో కోచ్ పోస్టెకోగ్లూ లీగ్ మ్యాచ్‌లలో ముఖ్యుల్ని ఆపి, గురువారాల యూరోపా మ్యాచ్‌ల కోసం దాచడం మొదలుపెట్టాడు.

స్కోరు గడి నుంచి గోల్ తేడా కూడా చూడాలి. 22 ఓటములున్నా ఆ జట్టు కొట్టినవి 64, ఇచ్చినవి 65. తేడా మైనస్ ఒకటే. పాయింట్లు 38; కింది అంచెకు దిగజారే చివరి మూడు జట్లలో మొదటిది, 18వ స్థానంలోని లెస్టర్‌కు 25. దిగజారే భయం తీరిన జట్టు ఒకే పోటీ మీద గురిపెట్టడం తెలివైన పనే అని నా అభిప్రాయం. ఫైనల్‌లో బ్రెన్నన్ జాన్సన్ 42వ నిమిషం గోల్‌తో మాంచెస్టర్ యునైటెడ్‌పై 1-0. క్లబ్‌కు 2008 తర్వాత అదే మొదటి ట్రోఫీ. మొత్తం ఆడినవి 60 మ్యాచ్‌లు.

కార్డులకు వేరే కాగితం పెట్టుకోండి, ఎందుకంటే లెక్క పోటీని బట్టి మారుతుంది. లీగ్‌లో జట్టు మొదటి 19 మ్యాచ్‌లలోపు ఒక ఆటగాడికి ఐదు పసుపు కార్డులు పడితే ఒక మ్యాచ్ నిషేధం, 32 లోపు పది పడితే రెండు. ఆ పసుపులు యూరప్‌లో లెక్కకు రావు. అక్కడ మూడో పసుపుకే ఒక మ్యాచ్ పోతుంది.

మే నెలలో ఇంకో గడి చేర్చుకోవాలి, వచ్చే ఏడాది యూరప్‌లో ఏ పోటీ ఆడతారన్నది. ఇది మిగతా జట్ల ఫలితాలు తెలియకుండా నింపలేం. ఆ ఏడాది మొదటి ఐదు జట్లూ చాంపియన్స్ లీగ్‌కు వెళ్లాయి, యూరోపా విజేతగా టోటెన్‌హామ్ ఆరోది. లీగ్ కప్ విజేతకు యూరప్ మూడో అంచె పోటీ కాన్ఫరెన్స్ లీగ్ దక్కాలి, కానీ ఆ కప్ గెలిచిన న్యూకాజిల్ ఐదో స్థానంతో పైకి వెళ్లడంతో ఆ చోటు ఏడో స్థానంలోని నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వచ్చింది. ఎఫ్ఏ కప్ గెలిచిన క్రిస్టల్ ప్యాలెస్‌కు యూరోపా లీగ్ రావాల్సింది. ఒకే పోటీలో ఆడే రెండు క్లబ్బులపై ఒకే యజమానికి నియంత్రణ లేదా నిర్ణయాత్మక ప్రభావం ఉండకూడదన్న నియమం వల్ల యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ప్యాలెస్‌ను కాన్ఫరెన్స్ లీగ్‌కు దింపి, ఫారెస్ట్‌ను పైకి జరిపింది. ప్యాలెస్ అప్పీలు తేలింది ఆగస్టులో, కాబట్టి మేలో ట్రోఫీ ఎత్తిన జట్టుకు కూడా ఈ గడి అప్పుడే ఖాయమైపోయిందని అనుకోవద్దు.