‘వైట్ కాలర్’ను తెలుగులో ఎలా రాయాలి

అనువాదంలో ‘తెల్ల కాలర్’ అని పెట్టేయకండి, ముందు చొక్కా సంగతి చూడండి. అమెరికాలో ఒకప్పుడు కాలర్ విడిగా ఉండేది. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్లో 1820లలో మొదలైంది. గుమాస్తా చొక్కా మార్చకపోయినా, గంజి పెట్టిన తెల్ల కాలర్ ఒక్కటి మార్చుకుంటే దర్జాగా కనిపించేవాడు. కార్మికులకేమో మురికి కనబడని నీలం చొక్కా.

అందుకే ‘వైట్ కాలర్ జాబ్’ను ‘ఆఫీసు ఉద్యోగం’ అనండి. ‘వైట్ కాలర్ క్రైమ్’ వేరు. 1939లో అమెరికా సమాజశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ అన్న మాట అది, హోదా చాటున చేసే నేరం. నేనైతే ‘పెద్దమనుషుల మోసం’ అని రాస్తాను.

‘బ్లూ కాలర్’ను మాత్రం ‘చిన్న ఉద్యోగం’ అనకండి. మా నాన్న లేత్ మెషిన్ మీద పనిచేసేవారు. ఆయన కాలర్ మడతలో నల్లటి గీత అమ్మ ఎంత రుద్దినా పోయేది కాదు. ‘శ్రామికులు’ అని రాయండి.