అడవిలో పొయ్యి వెలిగించాలంటే: గోదావరి డెల్టాలో అనుమతికి దరఖాస్తు విధానం

కార్తీకమాసం రాగానే కోనసీమలోనూ కాకినాడ పరిసరాల్లోనూ వనభోజనాల సన్నాహాలు మొదలవుతాయి. ఉసిరిచెట్టు నీడన గాడిపొయ్యి తవ్వి, గంగాళంతో అన్నం వార్చి పులిహోర కలపడం పెద్దవాళ్ల పద్ధతి. మాసం వెళ్లేదాకా ఓపికపట్టి, బొగ్గుల మీద చికెన్ కాల్చుకుని చలిమంట చుట్టూ కూర్చోవడం కుర్రకారు పద్ధతి. పద్ధతి ఏదైనా నిప్పు నిప్పే కనుక, దానిని ఎక్కడ వెలిగించవచ్చో, అనుమతి కోసం ఎవరికి ఎలా అర్జీ పెట్టుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

దరఖాస్తు రాసే ముందు తేల్చుకోవలసింది పొయ్యి పెట్టే నేల ఎవరిదన్న సంగతి. డెల్టాలో ఇది చూడగానే తెలిసే విషయం కాదు. తీరం వెంబడి ఉన్న సరుగుడు తోటల్లో కొన్ని రైతులవి, కొన్ని అటవీ శాఖ పెంచినవి. చూపుకు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందువల్ల గ్రామ సచివాలయంలో సర్వేయరునో వీఆర్వోనో కలిసి, ఆ స్థలం సర్వే నంబరు తెలుసుకుని, అది ఎవరి పేర ఉందో చూపించుకోవాలి. ఈ పని చేయకుండా రాసిన అర్జీ తిరిగి వస్తుంది. మా బృందం మొదటిసారి ఇచ్చిన అర్జీలో "సముద్రం ఒడ్డున సరుగుడు తోట" అని మాత్రమే రాశాం; ఏ ఊరు, ఏ సర్వే నంబరు అని ఎర్రసిరాతో ఒక్క ప్రశ్న రాసి వెనక్కి పంపారు. తప్పు మాదే.

కోరింగ వన్యప్రాణి అభయారణ్యం విషయంలో మాత్రం ఈ వెతుకులాట అక్కర్లేదు. 1978లో ఏర్పడి, సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ మడ అడవులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అభయారణ్యానికి ప్రమాదం కలిగే విధంగా నిప్పు పెట్టినా, మంట రాజేసినా, రాజేసిన మంటను ఆర్పకుండా వదిలి వెళ్లినా ఆ చట్టంలోని 30వ సెక్షను ప్రకారం నేరం. 28వ సెక్షను కింద ప్రవేశానికి అనుమతి ఇచ్చే కారణాలు వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవారితో చట్టబద్ధమైన లావాదేవీలు వంటివే తప్ప వంట, చలిమంట ఆ జాబితాలో లేవు. చెక్కబాట మీద నడవడానికి కొన్న టికెట్టు నడవడానికే పనికివస్తుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మూడేళ్ల వరకు జైలు గాని, 2022 సవరణలో పెంచిన ప్రకారం లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కాబట్టి కోరింగలో పొయ్యి కోసం అర్జీ రాసి కాగితం వృథా చేసుకోకుండా, ఇంట్లో వండుకున్న క్యారేజీ తీసుకువెళ్లడమే నా సలహా.

బురద, ఉప్పునీరు ఉన్నచోట మంట ఎక్కడికి పాకుతుందిలే అనే మాట తరచూ వినబడుతుంది. పాకడం సంగతి అలా ఉంచితే, పొయ్యిలోకి ఏరుకొచ్చే ఎండుపుల్లల్లో తిల్ల ఉండవచ్చు. ఈ చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కట్టె కాలిన పొగ కూడా కళ్లను మండిస్తుంది. పట్నం నుంచి వచ్చినవారికి ఎండిన తిల్ల కొమ్మకూ ఎండిన మడ కొమ్మకూ తేడా తెలియదు. మరొక మాట: అభయారణ్యంలో నివసించేవారు తమ దృష్టికి వచ్చిన మంటను ఆర్పాలనీ, అటవీ సిబ్బందికి సహకరించాలనీ అదే చట్టంలోని 27వ సెక్షను చెబుతోంది. అలా లోపల నివసించేవారు మీ పొయ్యి దగ్గరకు వచ్చి ఆర్పమంటే అది పెత్తనం కాదు, వారి బాధ్యత.

రిజర్వు అడవి సంగతి వేరు. ఇక్కడ 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 20వ సెక్షను వర్తిస్తుంది. అటవీ అధికారి అనుమతించిన కాలంలో, అనుమతించిన పద్ధతిలో తప్ప నిప్పు వెలిగించడానికి వీల్లేదు. అర్జీని డివిజనల్ అటవీ అధికారి పేరున రాసి, స్థలం ఏ రేంజి పరిధిలోకి వస్తుందో ఆ రేంజి కార్యాలయంలో ఇవ్వడం మంచిది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పాత తూర్పు గోదావరి జిల్లా పేరుతో చిరునామా రాసేవారు ఇంకా ఉన్నారు. కాకినాడా, కోనసీమా, రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరా అన్నది సరిచూసుకుని రాయాలి.

అర్జీలో బాధ్యుడి పేరు, చిరునామా, ఫోను నంబరు, వచ్చేవారి సంఖ్య, తేదీ, పొయ్యి వెలిగించే వేళ, ఆర్పే వేళ, స్థలం గుర్తులు స్పష్టంగా ఉండాలి. అన్నిటికంటే పనికివచ్చే వాక్యం మంట స్వరూపాన్ని చెప్పేది: "నేల మీద కట్టెల మంట వేయము, కాళ్లున్న ఇనుప కుంపటిలో బొగ్గులు మాత్రమే వాడి, పక్కన రెండు డ్రమ్ముల నీరు ఉంచుకుని, వెళ్లేముందు బూడిదను తడిపి మాతో తీసుకువెళ్తాము." ఇంత వివరంగా రాస్తే అధికారికి నిర్ణయం సులువవుతుంది. గ్యాస్ స్టౌతో సరిపెట్టుకోగలిగితే ఆ మాటే రాయండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ అర్జీ ఏమైందో అడగవచ్చు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అప్పటికి కార్తీకం దాటిపోతుందనుకోండి. జవాబు రాకపోవడాన్ని అనుమతిగా భావించకూడదు. ఫిబ్రవరి నుంచి ఎండాకాలం పూర్తయ్యేదాకా అడవి మంటల కాలం కనుక, ఆ నెలల్లో అడగకపోవడమే మర్యాద.

రైతుల కొబ్బరితోటలో అటవీ శాఖతో పని లేదు, యజమాని ఒప్పుకుంటే చాలు. అయితే కోనసీమలో తోటల కింద నుంచి గ్యాస్ పైపులైన్లు వెళ్తుంటాయి. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో పైపులైను నుంచి గ్యాస్ లీకై, నిప్పంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. పైపులైను గుర్తుగా పాతిన రాళ్లు, బోర్డులు కనబడినచోట, గ్యాస్ వాసన వచ్చినచోట అగ్గిపుల్ల గీయకూడదు.

ఆర్పడంలో కొబ్బరి డొక్కలను నమ్మవద్దు. పైకి బూడిదలా కనబడుతూనే లోపల పీచులో నిప్పు గంటల తరబడి రగులుతుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి తగిలితే తిరిగి రాజుకుంటుంది. ఇసుక కప్పితే వేడి లోపలే నిలిచి, చీకట్లో అటు నడిచేవారి అరికాళ్లు కాలుతాయి. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చేతి వెనకభాగం బూడిద దగ్గర పెట్టి చూసి, వేడి తగలకపోతేనే బయలుదేరాలి. మంట చేయి దాటితే 101కి ఫోను చేసి, అర్జీలో రాసిన అదే స్థలం గుర్తు చెప్పాలి.