ముద్దుపేరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం ఎలా?

నా పేరు అప్పలరాజు. గాజువాకలో మా వీధి వాళ్లకి మాత్రం అప్పునే. ఈ పేరు పెట్టుకుని ఎవర్నైనా చేబదులు అడిగితే ముందు నవ్వు, తర్వాతే డబ్బు. ముద్దుపేర్ల పుట్టుక వెతికే పిచ్చి నాకు అలా పట్టుకుంది.

నిఘంటువు ముందే తీయకండి. మొదట అలా పిలిచిందెవరు, వాళ్లింట్లో ఏ భాష మాట్లాడేవారు అన్నది కనుక్కోండి. ఆ తర్వాత అసలు పేరు చూడండి. మన ముద్దుపేర్లు చాలావరకు కత్తిరింపులే: సుబ్రహ్మణ్యం సుబ్బు అవుతాడు, వెంకటేశ్వర్లు వెంకి అవుతాడు. సింహాచలం స్వామిని ఇక్కడ అప్పన్న అంటాం కదా, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ అన్నీ ఆయన మీద పెట్టుకున్న పేర్లే. నా అప్పు అందులో ముక్క. బాకీతో సంబంధం లేదు. (మా బావకి ఇది ఇప్పటికీ ఎక్కలేదు.)

వేరే భాషల్లో ఈ కత్తిరింపు ఒక్కోసారి గుర్తుపట్టలేం. ఇంగ్లిష్‌లో విలియం బిల్ అవుతాడు, మార్గరెట్ పెగ్గీ అవుతుంది. రష్యాలో అలెగ్జాండర్ సాషా, స్పానిష్‌లో ఫ్రాన్సిస్కో పాకో. అసలు పేరు తెలియకుండా 'బిల్' అర్థం వెతికితే చేతికొచ్చేది కరెంటు బిల్లే.

తర్వాత ఇరుగుపొరుగు. నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు పుణ్యమా అని విశాఖలో ఏ భాష వాళ్లయినా దొరుకుతారు. "అర్థం ఏంటి?" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి ఏదో ఒకటి చెప్పేస్తారు. "మీ వాళ్లలో ఎవరినైనా ఇలా పిలుస్తారా?" అనండి. మా పక్కింటి మలయాళీ ఆంటీని అలా అడిగితే, వాళ్ల వైపు మగపిల్లల్ని అప్పు అనడం మామూలేనంది. కన్నడ వాళ్లకి అప్పు అంటే సినిమా హీరో పునీత్ రాజ్‌కుమారే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల మస్కట్ (గుర్తుబొమ్మ) ఏనుగు పిల్ల కూడా నా పేరుగలదే!

శబ్దం కలిసిందని చుట్టరికం కలిపేయొద్దు. మన ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో అక్కని అప్ప అంటారు, ఒడియాలో అపా, ఉర్దూలో ఆపా. తమిళ, కన్నడ ఇళ్లలో అప్ప అంటే నాన్న. దీర్ఘాలు, ఒత్తులు ఎక్కడున్నాయో ఆ భాష లిపిలోనే రాయించుకుని చూడండి. 'నాని' మన దగ్గర ముద్దుల పిల్లాడు. హవాయి భాషలో అందం, జపనీస్‌లో 'ఏమిటి?'. ఆ రెండింటికీ మన నానికీ ఏ బంధుత్వమూ లేదు.

ఇప్పుడు నిఘంటువు. మన దక్షిణాది మాటలకి బరో, ఎమెనో అనే భాషా పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి (మాటల పుట్టుక చెప్పే) నిఘంటువు, 1984 నాటి రెండో కూర్పు చూడండి. షికాగో విశ్వవిద్యాలయం సైట్లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ముద్దుపేరు కాకుండా దాని మూలం వెతకాలి, అంటే నా విషయంలో 'అప్ప'. పిల్లల పేర్ల సైట్లు ప్రతిదానికీ 'దేవుడిచ్చిన వరం' అనేస్తాయి, ఏ భాషలో ఏ మాట నుంచి వచ్చిందో చెప్పకపోతే వదిలేయండి. చింటూ, బబ్లూల జోలికి నేనైతే వెళ్లను.