బీకామ్ చదువుతూనే కాలేజీ గేటు బయట టిఫిన్ బండికి పనికిరావడం ఎలా?

కామర్స్, బీబీఏ చదివేవాళ్లలో సమాజానికి ఏదో చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది, కానీ ఆ 'ఏదో' దగ్గరే ఆగిపోతారు. లేదంటే నాలాగా చేస్తారు. ఫస్టియర్‌లో మేం ఆరుగురం ప్లాస్టిక్ మాన్పిద్దామని బేగంబజార్ నుంచి 200 గుడ్డ సంచులు తెచ్చి ఫెస్ట్‌లో స్టాల్ పెట్టాం. లోగోకి ఒక వారం, ఇన్‌స్టా పేజీకి ఇంకో వారం పోయాయి, తీరా చూస్తే 60 సంచులు కూడా కదల్లేదు. మిగిలినవాటిలో మా అమ్మ ఇప్పటికీ ఉల్లిగడ్డలు పోస్తోంది. సంచి కావాలా అని ముందు ఒక్కరినీ అడగలేదు మరి.

అందుకే మొదటి పని, టీమ్, పేరు, లోగో పక్కన పెట్టి గేటు బయటికి వెళ్లడం. కోఠి అయినా, నారాయణగూడ అయినా, కాలేజీ ఉందంటే పక్కన ఒక టిఫిన్ బండి ఉంటుంది. రోజూ మీరు తినే బండినే పట్టుకోండి, ముఖపరిచయం ఉంటుంది కాబట్టి లెక్కలు అడిగినా అనుమానపడరు. సర్వే ఫారం మాత్రం తీసుకెళ్లొద్దు, అది చూస్తే చాలు అందరూ మున్సిపాలిటీ వాళ్లనుకుంటారు.

తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, రద్దీ తగ్గే పదిన్నర టైముకి వెళ్లి వారం పాటు వచ్చినది ఒకవైపు, పోయినది ఒకవైపు రాయండి. మా గేటు దగ్గర ఇడ్లీ బండి అక్క మొదటిరోజే, "గా లెక్కలు నాకెందుకు బిడ్డా, బండి బంద్ చేసేటప్పటికి డబ్బాల ఎంతుంటే గంతే" అంది. వారం రాశాక తేలిందేమిటంటే, సౌండ్ బాక్స్ అరిచే డబ్బులన్నీ కొడుకు అకౌంట్లో పడుతున్నాయి, అవి ఆమె అమ్మకం కింద లెక్కే వేసుకోవట్లేదు. గ్యాస్, పల్లీలు, ప్లేట్ల ఖర్చు రాయించింది సరే, పొద్దున మూడింటికి లేచి పిండి రుబ్బే తన కూలి మాత్రం ఎక్కడా లేదు. కాస్ట్ అకౌంటింగ్ క్లాసులో నిద్రపోతూ విన్నదంతా నాకు అక్కడే అర్థమైంది.

ఇక అసలు సంగతి అప్పు. బండ్లవాళ్లలో చాలామంది గిరిగిరి ఫైనాన్స్ తీసుకుంటారు. 10,000 అని చెప్పి 9,000 చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "వెయ్యే కదా పోయేది" అంటారు. కానీ తీసుకున్న అసలు రోజూ తగ్గుతూనే ఉంటుంది, పైగా మూడు నెలల పైచిలుకులోనే తీరిపోతుంది. ఎక్సెల్‌లో రేట్ ఫార్ములా పెట్టి 100 వాయిదాలు, వాయిదాకు మైనస్ 100, చేతికొచ్చినది 9,000 అని వేసి, వచ్చిన అంకెను 365తో హెచ్చించండి, ఏడాది వడ్డీ 70 శాతం దాటుతుంది. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్పే ముహమ్మద్ యూనస్ కూడా 1976లో క్యాంపస్ పక్కనున్న జోబ్రా ఊరికెళ్లి ఇలాగే అప్పుల లెక్క తీయిస్తే, 42 మందిది కలిపి 27 డాలర్లే తేలింది. పేదలకు చిన్న అప్పులిచ్చే ఆయన గ్రామీణ్ బ్యాంకు వచ్చింది ఆ తర్వాత, 1983లో.

మీరు బ్యాంకు పెట్టక్కర్లేదు. వీధి వ్యాపారులకు 2020 నుంచి పీఎం స్వనిధి అనే కేంద్ర ప్రభుత్వ అప్పు పథకం ఉంది, పూచీకత్తు అడగరు, టైముకి కడితే వడ్డీలో 7 శాతం సబ్సిడీ వస్తుంది. మొదటి విడత 10,000 ఉండేది, 2025లో 15,000 చేశారు. వీధి వ్యాపారి గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ సర్దిపెట్టి, బ్యాంకుకి ఆమెతో పాటు వెళ్లండి. అప్పు తీసుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, గిరిగిరి ఇంకా నడుస్తుండగా దాని మీద ఇంకోటి తలకెత్తొద్దు.

క్యాంపస్‌లో అండ కావాలంటే కొత్త క్లబ్బు పెట్టే బదులు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని కలవండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరినవాళ్లు రెండేళ్లలో 240 గంటల సేవ ఎలాగూ చూపించాలి, ఈ పని అందులో కలుపుతారేమో అడగండి, అదే ఫైనలియర్ ప్రాజెక్టూ అవుతుంది. ఇంటర్నల్స్ ఉన్న వారాల్లో రానని అక్కకి ముందే చెప్పండి, చెప్పకుండా మాయమైతే మళ్లీ నమ్మరు.

రిజిస్ట్రేషన్ గోల ఇప్పుడే వద్దు. సొసైటీకి ఏడుగురు కావాలి, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) అయితే ఏటా ఆడిట్ తప్పదు. సీఎస్‌ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సమాజసేవకు ఖర్చుపెట్టే డబ్బు మీద ఆశ అసలే పెట్టుకోవద్దు, బయటి సంస్థకు ఇవ్వాలంటే కనీసం మూడేళ్లు పని చేసిన చరిత్ర చూస్తారు.

మొదటి బండి లెక్క మూడు నెలలు నడిచాకే రెండో బండి దగ్గరికి వెళ్లండి. మీరు ఫైనలియర్‌కి వచ్చేలోపు ఒక జూనియర్‌ని వెంట తిప్పుకోండి. నేను నోట్‌బుక్ అప్పగించిన రోజు మా అక్క ఆ అమ్మాయిని పైనుంచి కిందికి చూసి, "నువ్వన్నా సక్కగ రాయి బిడ్డా, ఈ పిలగాని అంకెలు నాకు సమజ్ కావు" అంది.